ఇష్టమైన ఆల్బమ్‌లను ఎంచుకోవడం, పదిమందితో పంచుకోవడం: ఒక సమగ్ర మార్గదర్శి

ఇష్టమైన పది ఆల్బమ్‌లు చెప్పమని అడిగితే సంగీతాభిమానులు సాధారణంగా తడుముకోరు, పేర్లు గడగడా వచ్చేస్తాయి. తడబాటు ఆ తరువాతి ప్రశ్నతో మొదలవుతుంది: ఆ పదింటిలో గత రెండేళ్లలో మొదటి నుంచి చివరి దాకా విన్నవి ఎన్ని? నేను మొదటిసారి జాబితా రాసుకుని ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నాలుగే నిలిచాయి. తక్కిన ఆరింటిలో కొన్ని ఎప్పుడో ఒకసారి విని మెచ్చుకున్నవి, కొన్ని లేకపోతే తెలిసినవాళ్లు చిన్నచూపు చూస్తారేమోనని చేర్చినవి, ఒకటి కేవలం అట్టమీది బొమ్మ బాగుందని పెట్టినది. అంటే నేను రాసింది నా వినికిడి గురించి కాదు, నలుగురిలో నేనెలా కనిపించాలని కోరుకుంటున్నానో దాని గురించి. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ తేడాను చెరిపివేయడానికి ఉద్దేశించినదే. మీరు నిజంగా వింటున్న ఆల్బమ్‌లను ఎలా గుర్తించాలో, ఎలా మళ్లీ వినాలో, ఎలా వరుసలో పెట్టాలో, చదివినవారు లేచి ఒకటైనా వినేలా ఆన్‌లైన్‌లో ఎలా పంచుకోవాలో ఇందులో క్రమంగా చెబుతాను.

మొదటి మెట్టు: ప్రశ్నను, సంఖ్యను ముందే తేల్చుకోవడం

‘నాకు ఇష్టమైనవి’, ‘గొప్పవి’, ‘తరువాతి సంగీతంపై ప్రభావం చూపినవి’ అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ కలిపి ఒకే జాబితా రాయబోతే ఏ ప్రశ్నకూ సరైన జవాబు రాదు. గొప్పదని ఒప్పుకుంటూనే ఒక ఆల్బమ్‌ను ఇంట్లో పెట్టుకుని వినకపోవడం తప్పేమీ కాదు, అలాగే పెద్ద విశేషమేమీ లేదని తెలిసి కూడా ఒకదాన్ని ఏళ్ల తరబడి వదలలేకపోవడమూ తప్పు కాదు. మీ శీర్షికలో ‘ఇష్టమైన’ అనే మాట ఉన్నంతకాలం రెండోదానికే చోటు దక్కాలి.

సంఖ్య విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: పది, లేదంటే అంతకన్నా తక్కువ. బీబీసీ రేడియోలో 1942 జనవరిలో మొదలై నేటికీ నడుస్తున్న ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ కార్యక్రమంలో, నిర్జన ద్వీపంలో చిక్కుకుపోతే వెంట ఉండాలనుకునే ఎనిమిది రికార్డులను అతిథి ఎంచుకోవాలి. ఆ కార్యక్రమం అంతకాలం నిలవడానికి ఆ ఎనిమిది అనే ఇరుకే ఒక కారణమని నేననుకుంటాను. ఎనిమిదింటికి కట్టుబడ్డప్పుడు తొమ్మిదోదాన్ని వదులుకోవలసి వస్తుంది, వదులుకునేటప్పుడే మనిషి ఇష్టం బయటపడుతుంది. వంద ఆల్బమ్‌ల జాబితాలో వదులుకోవడమనేదే ఉండదు, అది మీ అలమరలోని సరుకు లెక్క మాత్రమే అవుతుంది.

రెండవ మెట్టు: ఆల్బమ్ అంటే ఏది?

ఈ ప్రశ్న తేలికగా కనిపిస్తుంది కానీ జాబితా మధ్యలోకి వచ్చాక కాళ్లకు అడ్డం పడేది ఇదే, కాబట్టి ముందుగానే నియమం రాసి పెట్టుకోవాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత పళ్లేల మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. పెద్ద రచనను అమ్మాలంటే అలాంటి పళ్లేలను నాలుగైదు, ఫొటో ఆల్బమ్‌లాగా బైండు చేసిన పుస్తకంలోని కాగితపు సంచుల్లో పెట్టి ఇచ్చేవారు. ‘ఆల్బమ్’ అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. 1948 జూన్‌లో కొలంబియా రికార్డ్స్ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే 12 అంగుళాల ఎల్‌పీని (లాంగ్ ప్లే రికార్డును) తెచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టించాక ఆ పుస్తకం అవసరం పోయింది గాని పేరు నిలిచిపోయింది. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీ 74 నిమిషాల దాకా పట్టుకుంది. స్ట్రీమింగ్‌లో ఆ హద్దూ లేదు. కాబట్టి నిడివిని బట్టి ఆల్బమ్‌ను నిర్వచించడం కుదరదు. చేసినవారు ఒక వరుసలో, ఒక పేరుతో, కలిపి వినమని ఇచ్చినది ఆల్బమ్ అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఈ నిర్వచనం తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. సినిమా పాటల విషయానికి వస్తే, మనకు ఆల్బమ్ అనగానే గుర్తొచ్చేది అదే కనుక, దాన్ని పక్కన పెట్టడం అర్థం లేని పని. కానీ ఒక షరతు పెట్టుకోండి: ఆ సినిమాలోని పాటలన్నీ మీరు వరుసగా వినగలగాలి. రెండు పాటల కోసం ఆరు పాటల ఆల్బమ్‌ను చేర్చితే మీకు నచ్చింది ఆల్బమ్ కాదు, ఆ రెండు పాటలు. 1992 నాటి ‘రోజా’ పాటలు తమిళంలోనూ తెలుగులోనూ హిందీలోనూ వేర్వేరు సాహిత్యంతో వచ్చాయి. బాణీ ఒకటే అయినా వినికిడి ఒకటి కాదు కనుక, మీరు విన్న భాష ఏదో ఆ ఆల్బమ్‌నే పేర్కొనాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల’ ఐదు ఎల్‌పీల సంపుటి. దాన్ని ఒకటిగా లెక్కించాలా, ఐదుగానా? ఒక్క విడత కూర్చుని వినగలిగేది ఒక ఆల్బమ్ అని నేను నియమం పెట్టుకున్నాను, కాబట్టి నా లెక్కలో అవి ఐదు, అందులో ఒక్కటే జాబితాలోకి రావాలి. మీరు మరోలా అనుకోవచ్చు, కానీ అనుకున్నది జాబితా అంతటికీ ఒకేలా వర్తింపజేయండి.

ఏరి కూర్చిన ‘ఉత్తమ గీతాలు’ తరహా సంకలనాలను సాధారణంగా వదిలేయడం మేలు, ఎందుకంటే అక్కడ ఎంపిక మరొకరు చేసి పెట్టారు. ఆల్బమ్‌ల కాలానికి ముందే పాడి ఆపేసినవారి విషయంలో మాత్రం సంకలనం తప్ప మరో దారి లేదు, వారికి మినహాయింపు ఇవ్వండి.

మూడవ మెట్టు: అభ్యర్థులను పోగుచేయడం

ముందు ఫోన్‌ను దూరంగా పెట్టి, కాగితం మీద గుర్తొచ్చిన పేర్లను పదిహేను నిమిషాల పాటు రాయండి. ఏ యాప్‌నూ తెరవకండి, తెరిస్తే అది చూపించేదే మీ జ్ఞాపకం అయిపోతుంది. మరునాడు అదే పని మొదటి కాగితం చూడకుండా మళ్లీ చేయండి. రెండు కాగితాల్లోనూ ఉన్న పేర్లు గట్టి అభ్యర్థులు. ఒక్కదానిలోనే ఉన్నవి ఆనాటి మనఃస్థితికి పుట్టినవి కావచ్చు, కానీ వాటిని కొట్టేయకుండా పక్కన ఉంచండి.

తరువాత లెక్కల దగ్గరికి వెళ్లండి. లాస్ట్.ఎఫ్‌ఎమ్ వంటి సేవ మీరు విన్న ప్రతి ట్రాక్‌నూ నమోదు చేస్తుంది. స్పాటిఫై అయితే ఖాతాలోని గోప్యత పేజీ నుంచి పూర్తి శ్రవణ చరిత్రను అడిగి తెప్పించుకోవచ్చు, ఏ ట్రాక్‌ను ఎన్ని మిల్లీసెకన్లు విన్నారో కూడా అందులో ఉంటుంది. అయితే ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మితే మోసపోతాము. లాస్ట్.ఎఫ్‌ఎమ్ నియమం ప్రకారం 30 సెకన్ల కన్నా పెద్దదైన ట్రాక్‌ను సగం గాని, నాలుగు నిమిషాలు గాని, ఏది ముందైతే అంతవరకు వింటే ఒక లెక్క పడుతుంది. దీని ఫలితం చూడండి: పన్నెండు పాటల ఆల్బమ్‌ను ఒకసారి పూర్తిగా వింటే పన్నెండు లెక్కలు, ఇరవై రెండేసి నిమిషాల రెండు రాగాలున్న ఆల్బమ్‌ను ఒకసారి పూర్తిగా వింటే రెండే లెక్కలు. గడిచిన సమయం రెండింటికీ దాదాపు ఒకటే. దీర్ఘమైన ఆలాపనలు వినేవారి జాబితాలో అందుకే ఎప్పుడూ చిన్న పాటలవాళ్లే పైన కనిపిస్తారు.

దీనికి విరుగుడు తేలిక. ఆల్బమ్ మొత్తానికి పడిన లెక్కలను ట్రాక్‌ల సంఖ్యతో భాగించండి. పన్నెండు ట్రాక్‌లకు 120 లెక్కలు పడినా, రెండు ట్రాక్‌లకు 20 లెక్కలు పడినా, మీరు ఆ ఆల్బమ్‌ను సుమారు పదిసార్లు విన్నట్టే. ఆ వెంటనే ట్రాక్‌ల మధ్య పంపకం ఎలా ఉందో చూడండి. ఒక్క పాటకే 60 పడి తక్కినవి ఐదారు దగ్గర ఆగిపోతే, మీరు ప్రేమించింది ఒక పాటను. మొదటి మూడు ట్రాక్‌లకు ఎక్కువ, చివరి మూడింటికి చాలా తక్కువ ఉంటే, ఆ ఆల్బమ్‌ను మీరు మధ్యలోనే ఆపేస్తున్నారన్నమాట. ఎందుకు ఆపేస్తున్నారో మళ్లీ విన్నప్పుడు తెలుస్తుంది. నిద్రకు ముందు పెట్టుకునే సంగీతం, మీ ఖాతాను వాడుకునే ఇంట్లోవాళ్ల పాటలు కూడా ఈ లెక్కల్లో చేరి ఉంటాయి, వాటిని చేత్తోనే ఏరివేయక తప్పదు.

లెక్కలకు అందనివి కూడా ఉన్నాయి. స్ట్రీమింగ్ రాకముందు క్యాసెట్ అరిగిపోయేంతగా విన్న ఆల్బమ్‌కు ఏ సేవలోనూ ఆధారం ఉండదు. అలాంటివాటికి కాగితం మాటే చెల్లుతుంది. మొత్తం మీద ఇరవై నుంచి ముప్పై అభ్యర్థులు పోగైతే చాలు.

నాలుగవ మెట్టు: మళ్లీ వినడం

ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇదే. ముప్పై ఆల్బమ్‌లు వినడానికి పాతిక గంటల దాకా పడుతుంది. రోజుకు ఒకటి చొప్పున ఒక నెల కేటాయించండి. ఇంత సమయం ఎక్కువనిపిస్తే అభ్యర్థులను తగ్గించుకోండి గాని, వినకుండా మాత్రం రాయకండి.

వినే ముందు యాప్‌లో మూడు సెట్టింగులు చూసుకోవాలి. మొదటిది పాటల వరుసను కలగాపులగం చేసే షఫుల్. కళాకారులు ట్రాక్‌ల వరుసను ఆలోచించి పెడతారు. 2021 నవంబరులో గాయని ఆడెల్ కోరిన మీదట స్పాటిఫై తన ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ను ముందుండే బటన్‌గా చూపడం మానుకుంది. అయినా ఒకసారి ఆన్ చేసిన షఫుల్ అలాగే ఉండిపోవచ్చు కనుక చూసి తీసేయండి. రెండవది ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపివేసే క్రాస్‌ఫేడ్, దాన్ని సున్నాకు తగ్గించండి. అదే సమయంలో ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా వాయించే సౌకర్యాన్ని ఆన్‌లో ఉంచండి. 1969లో వచ్చిన, బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ ఆల్బమ్ ‘అబ్బీ రోడ్’ రెండవ వైపున చిన్న పాటలు ఒకదానిలోకి ఒకటి తెగకుండా జారిపోతాయి. పాటకూ పాటకూ మధ్య అర సెకను నిశ్శబ్దం పడినా ఆ కూర్పు ముక్కలైపోతుంది. మూడవది ధ్వని స్థాయిని సమం చేసే సెట్టింగు. రెండు రికార్డింగులను పోల్చినప్పుడు కొంచెం బిగ్గరగా వినిపించేదే మెరుగైనదని చెవి పొరబడుతుంది. కొత్త రికార్డులు పాతవాటికన్నా చాలా గట్టిగా వినిపించేలా మాస్టర్ చేసినవి (అంటే విడుదలకు ముందు తుది ధ్వనిని సరిచేసినవి) కనుక, సమం చేయకుండా పోల్చితే పాతవాటికి అన్యాయం జరుగుతుంది. స్పాటిఫై మామూలుగా అన్నింటినీ −14 లఫ్స్ స్థాయికి (లఫ్స్ అంటే వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరగా తెస్తుంది. ఆ సెట్టింగును పోలిక ముగిసేదాకా తీయకండి.

వినేటప్పుడు పక్కన ఒక కాగితం ఉండాలి. దాని మీద అభిప్రాయాలు రాయవద్దు, సంగతులు మాత్రమే రాయండి. ఎన్నో నిమిషంలో ఏం జరిగింది, ఎక్కడ మీరు చేస్తున్న పని ఆపి తల ఎత్తారు, ఎక్కడ ఫోన్ అందుకోబోయారు. ‘బాగుంది’ అన్న మాట నెల తరువాత మీకే ఉపయోగపడదు. ‘మూడో ట్రాక్ 2:40 దగ్గర డ్రమ్స్ ఆగిపోయి గొంతు ఒంటరిగా మిగులుతుంది’ అన్న వాక్యం మాత్రం రేపు మీరు రాయబోయే వ్యాఖ్యలో సగభాగం. ఫోన్ అందుకోబోయిన చోట్లను నిజాయితీగా గుర్తిస్తే, ఎన్నో ఏళ్లుగా మీకు అత్యంత ప్రియమైనదని చెప్పుకుంటున్న ఆల్బమ్ ఒకటి రెండు ఈ మెట్టు దగ్గరే నిశ్శబ్దంగా తప్పుకుంటాయి. అది కాస్త బాధగానే ఉంటుంది.

ఎల్‌పీ కోసం చేసిన ఆల్బమ్ అయితే మొదటి వైపు ఎక్కడ ముగిసిందో తెలుసుకుని అక్కడ ఒక నిమిషం ఆగి చూడండి. రెండవ వైపు మొదటి పాటను, పళ్లెం తిరగేసి మళ్లీ కూర్చున్న శ్రోత కోసం ఎంచుకున్నారు. ఆ విరామం లేకుండా వింటే, కొన్ని ఆల్బమ్‌లు మధ్యలో ఎందుకో ఒక్కసారిగా గొంతు పెంచినట్టు అనిపించడానికి కారణం ఇదే.

నచ్చినవాటిని వారం విడిచి, వేరే వేళలో రెండోసారి వినండి. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా తోచినది మధ్యాహ్నం గదిలోని స్పీకర్‌లో పలచబడిపోవచ్చు. రెండు చోట్లా నిలిచినది తుది జాబితాలోకి వెళ్తుంది.

ఐదవ మెట్టు: ఏ ముద్రణ అన్నది చెప్పడం

పుస్తకానికి ముద్రణలు ఉన్నట్టే ఆల్బమ్‌కూ ఉంటాయి, వాటి మధ్య తేడా కొన్నిసార్లు పాటల సంఖ్యలోనే ఉంటుంది. 1966 నాటి బీటిల్స్ ‘రివాల్వర్’ బ్రిటన్‌లో 14 పాటలతో, అమెరికాలో 11 పాటలతో వచ్చింది. రెంటినీ ఒకే పేరుతో ప్రేమించిన ఇద్దరు అభిమానులు నిజానికి వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నారు. అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్ 2016లో ‘ద లైఫ్ ఆఫ్ పాబ్లో’ను విడుదల చేశాక కూడా దానిలోని పాటలను మార్చుతూ పోయారు, కాబట్టి మొదటి వారంలో విన్నవారి ఆల్బమ్ ఇప్పుడు దొరికేది కాదు.

శ్రుతి మారిపోయిన సందర్భమూ ఉంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపున ఉన్న మూడు ట్రాక్‌లను పట్టిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో వాయించినప్పుడు సంగీతం అసలు కన్నా కొంచెం వేగంగా, కొంచెం హెచ్చు శ్రుతిలో వినిపించింది. దశాబ్దాల పాటు లోకం విన్నది అదే. 1990లలో వచ్చిన పునర్ముద్రణల్లో ఆ వేగాన్ని సరిదిద్దారు. పాత ముద్రణతో పాటు వాద్యం కలిపి వాయించడానికి ప్రయత్నించినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మామూలు శ్రోతకు తెలియకపోయినా, ‘1990ల తరువాతి ముద్రణ’ అన్న ఒక్క మాట రాస్తే చదివేవారు మీరు విన్నదే వినగలుగుతారు.

ముద్రణల వివరాలు వెతకడానికి డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే రెండు డేటాబేస్‌లు చాలు. రెండింటిలోనూ ఒక ఆల్బమ్‌కు సంబంధించిన ముద్రణలన్నీ ఒక శీర్షిక కింద గుంపుగా ఉంటాయి, దాని కింద ఒక్కో దేశంలో, ఒక్కో ఏడాదిలో వచ్చినవి విడివిడిగా కనిపిస్తాయి. మన సంగీతం కోసం వెతికేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఇళయరాజా వంటి పేరును రోమన్ లిపిలో రెండు మూడు విధాలుగా రాస్తారు కనుక, ఒక వర్ణక్రమంతో దొరకకపోతే ఆల్బమ్ అక్కడ లేదని నిర్ణయించుకోకండి. స్ట్రీమింగ్ సేవల్లో పాత సినిమా పాటల పక్కన కనిపించే సంవత్సరాన్ని కూడా నమ్మకండి. అది డిజిటల్ రూపంలో ఎక్కించిన ఏడాది అయి ఉండవచ్చు, సినిమా విడుదలైన సంవత్సరంతో సరిచూసుకోండి.

అదనపు పాటలు చేర్చిన ‘డీలక్స్’ ముద్రణల గురించి ఒక్క మాట: అసలు ఆల్బమ్ ముగిసిన చోటనే ఆపమని పాఠకుడికి చెప్పండి. చక్కగా ముగిసిన ఆల్బమ్ వెనుక నాలుగు కసరత్తు రికార్డింగులు వచ్చి పడితే ఆ ముగింపు పాడవుతుంది.

ఆరవ మెట్టు: వరుస

వరుస పెట్టడం తప్పనిసరి కాదు. పెట్టకపోతే సంవత్సరాల క్రమంలో గాని అకారాదిగా గాని ఇచ్చి, ఆ సంగతి పైన రాయండి, లేకపోతే మొదటిది మీకు అన్నింటికన్నా ఇష్టమైనదని చదివినవారు అనుకుంటారు.

పెట్టదలచుకుంటే జంటలుగా పోల్చడమే నమ్మదగిన పద్ధతి. ‘ఈ రాత్రికి ఒక్కటే వినే వీలుంటే రెండింటిలో ఏది?’ అని అడగండి. ఇరవై ఆల్బమ్‌లను ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చితే 190 పోలికలు అవుతాయి, ఎవరికైనా విసుగు పుడుతుంది. దానికి బదులు ఒక్కొక్క ఆల్బమ్‌ను తీసుకుని అప్పటికే వరుసలో ఉన్నవాటి నడిమిదానితో పోల్చండి. గెలిస్తే పై సగంలోని నడిమిదానితో, ఓడితే కింది సగంలోని నడిమిదానితో పోలుస్తూ దాని చోటు దొరికేదాకా సాగండి. ఈ పద్ధతిలో ఇరవైకి 70 లోపు పోలికలతో పని ముగుస్తుంది. రెండు రోజుల తరువాత మళ్లీ చేయండి. రెండుసార్లకూ చోట్లు మార్చుకున్న జంటలను సమానులుగా ప్రకటించండి.

మొదటి మూడింటి మీద ఉన్న ప్రేమకూ తక్కినవాటి మీద ఉన్నదానికీ మధ్య అంతరం ఎక్కువైతే అంకెల వరుస ఆ సంగతిని దాచేస్తుంది. అమెరికాలో ‘విలేజ్ వాయిస్’ పత్రిక నడిపిన ‘పాజ్ అండ్ జాప్’ అనే విమర్శకుల ఎన్నికలో ఒక్కో విమర్శకుడు పది ఆల్బమ్‌లకు మొత్తం 100 పాయింట్లు పంచేవాడు, ఏ ఒక్కదానికీ 30కి మించి గాని 5కు తగ్గించి గాని ఇవ్వడానికి లేదు. ఈ పద్ధతిని అరువు తెచ్చుకోండి. 30, 20, 10, ఆ తరువాత వరుసగా తగ్గుతూ ఐదులు కనిపిస్తే, మీ మనసు ఎక్కడ ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఏడవ మెట్టు: ఒక్కోదానికి ఒక పేరా

పది పేర్లు మాత్రమే ఇస్తే ఆ ఆల్బమ్‌లు తెలిసినవారు తల ఊపుతారు, తెలియనివారు దాటిపోతారు. మీరు రాస్తున్నది రెండోవారి కోసం. సాధారణంగా కనిపించే వ్యాఖ్య ఇలా ఉంటుంది: ‘అద్భుతమైన ఆల్బమ్. ప్రతి ఒక్కరూ తప్పక వినాలి. మాటల్లో చెప్పలేను.’ పేరు తీసేసి ఈ మూడు వాక్యాలను ఏ ఆల్బమ్ కింద పెట్టినా అతుకుతాయి. వాటి లోపం కూడా అదే. దీనికి బదులు నా జాబితాలోని ఒక ఆల్బమ్‌కు రాసుకున్న పేరా ఇది:

‘‘కాల్ ఆఫ్ ద వ్యాలీ, 1967. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీర్ లోయలోని ఒక పశువుల కాపరి రోజును రాగాల వేళలను బట్టి చెప్పే రికార్డు, ఆహిర్ భైరవ్‌తో తెల్లవారుతుంది, పహాడీతో ముగుస్తుంది. సంతూర్ తీగను తాకిన మరుక్షణం నుంచే నాదం సన్నగిల్లిపోతుంది. కాబ్రా గిటార్‌ను తీగల మీద కడ్డీ జార్చి వాయిస్తారు కనుక స్వరం స్వరంలోకి తెగకుండా పాకుతుంది. చినుకులుగా రాలే ఆ నాదం, ధారగా సాగే ఈ నాదం ఒకదానికొకటి జవాబు చెప్పుకునే చోట్ల కోసమే నేను దీన్ని మళ్లీ మళ్లీ వింటాను. రాగాల పేర్లు తెలియనక్కరలేదు, మొదటి ట్రాక్‌ను తెల్లవారుజామున వినండి.’’

ఇందులో ఏమున్నాయో గమనించండి: ఎవరు, ఎప్పుడు, దేన్ని వాయించారు, శబ్దం గురించి ఒక్క నిర్దిష్టమైన సంగతి, నేను ఎందుకు మళ్లీ వింటాను, కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి. ఇంతకు మించి అవసరం లేదు. ముఖ్యంగా ఆ శబ్దపు సంగతి మీ సొంత చెవితో పట్టినదై ఉండాలి. నాలుగవ మెట్టులో రాసుకున్న నిమిషాలూ సెకన్లూ ఇక్కడ అక్కరకు వస్తాయి. ఒక పోలిక కుదిరితే వాడుకోండి, రెండోది వెతకకండి.

కళాకారుడి జీవిత చరిత్ర, వచ్చిన పురస్కారాలు, అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్య వంటివి ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటితో పేరా నింపకండి. లోపం ఉంటే చెప్పడానికి వెనుకాడకండి. ‘ఆరో పాట నాకు ఎప్పుడూ ఎక్కలేదు’ అని రాసినవారి మెప్పు మీద పాఠకుడికి నమ్మకం ఎక్కువ.

ఎనిమిదవ మెట్టు: పంచుకునే రూపం

ప్రచారంలో ఉన్న రూపం అట్టల పటం: మూడు వరుసల్లో మూడేసి, లేదా ఐదు వరుసల్లో ఐదేసి ఆల్బమ్ కవర్లను ఒకే చిత్రంగా కూర్చడం. టాప్‌స్టర్స్ వంటి ఉపకరణంతో పది నిమిషాల్లో తయారవుతుంది, కంటికి బాగుంటుంది. కానీ కవర్ మీద పేరు లేని ఆల్బమ్‌లు ఎన్నో ఉన్నాయి, ఉన్నా ఫోన్ తెర మీద గోరంత బొమ్మలో చదవడం సాధ్యం కాదు. కాబట్టి పటం పక్కన పేర్ల వరుసను చేర్చే సౌకర్యం ఉంటే వాడుకోండి, లేకపోతే చిత్రం కిందనే పాఠంగా రాయండి. చూపు లేనివారికి తెర చదివే సాఫ్ట్‌వేర్ వినిపించేందుకు చిత్ర వివరణ పెట్టే చోట కూడా అవే పేర్లను వరుసగా ఇవ్వండి. ‘నా ఆల్బమ్‌ల పటం’ అని మాత్రమే రాస్తే వారికి ఏమీ అందదు.

వినిపించడానికి ప్లేలిస్ట్ మెరుగైన రూపం. పది ఆల్బమ్‌లను పూర్తిగా గుప్పించకండి, అది ఏడెనిమిది గంటలవుతుంది, ఎవరూ వినరు. ఆల్బమ్‌కు ఒక్క ట్రాక్ చొప్పున పది ట్రాక్‌లు చాలు. ఆ ఒక్కటి అందరికీ తెలిసిన పాట కానక్కరలేదు. తక్కిన ఆల్బమ్ ఎలా ఉంటుందో చెప్పగలిగినది కావాలి. ఒక సంగతి నేను అనుభవం మీద నేర్చుకున్నాను: ముందు వెనుకల పాటల్లోకి కలిసిపోయే ట్రాక్‌ను ఇలా విడిగా తెస్తే అది మధ్యలో తెగినట్టు వినిపిస్తుంది, కాబట్టి తనంతట తానుగా మొదలై ముగిసేదాన్ని ఎంచుకోవాలి.

లింకుల విషయంలో ఒకే సేవకు కట్టుబడకండి. ఓడెస్లీ వంటి సేవకు ఒక ఆల్బమ్ లింకు ఇస్తే, అది వివిధ స్ట్రీమింగ్ సేవల్లోని అదే ఆల్బమ్‌కు దారి చూపే ఒక పేజీని తయారుచేస్తుంది. అది సరైన ముద్రణకే చేరుస్తోందో లేదో ఒకసారి తెరిచి చూడాలి. కళాకారుడు బ్యాండ్‌క్యాంప్ వంటి చోట నేరుగా అమ్ముతుంటే ఆ లింకును ముందు పెట్టండి, వారికి ఎక్కువ వాటా అక్కడే దక్కుతుంది. ఆడియో ఫైళ్లను మాత్రం మీరు స్వయంగా ఎక్కించి పంచకండి. దొరకని ఆల్బమ్‌కు ఉపకారం చేస్తున్నామనిపించినా అది హక్కుదారుల సొత్తు.

పేర్లను తెలుగు లిపిలోనూ అసలు లిపిలోనూ రెండు విధాలా ఇవ్వడం మంచిది. తెలుగులో వెతికేవారికి మీ జాబితా దొరుకుతుంది, అసలు లిపిని కాపీ చేసుకునేవారికి ఆల్బమ్ దొరుకుతుంది.

బహిరంగంగా పెట్టే ముందు ఖాతా వైపు కూడా ఒక చూపు చూడండి. కొన్ని సేవల్లో మీరు ఇప్పుడు ఏం వింటున్నారో, ఏ వేళ వింటున్నారో అందరికీ కనిపించేలా ఉంటుంది. జాబితా కోసం ఇచ్చిన లింకు వెంట మీ దినచర్య కూడా బయటికి పోవలసిన పని లేదు.

తొమ్మిదవ మెట్టు: తేదీ, నకలు

జాబితా పైన నెల, సంవత్సరం రాయండి. ఇష్టం మారుతుంది, మారినప్పుడు పాత జాబితాను దిద్దకుండా కొత్తది వేరుగా పెట్టండి. ‘ఫలానాది ఎందుకు లేదు?’ అని ఎవరైనా అడిగితే వాదించకుండా, అది మీరు వినలేదా, విని వదిలేశారా, పదకొండోదా అన్నది చెప్పండి. వినలేదంటే వినండి, కొత్త ఆల్బమ్‌లు చేతికి వచ్చే దారుల్లో నాకు అన్నింటికన్నా ఎక్కువ లాభించినది ఇదే.

ప్లేలిస్ట్‌నే ఏకైక ప్రతిగా ఉంచుకోవద్దు. హక్కుల ఒప్పందాలు ముగిసినప్పుడు సేవల నుంచి ఆల్బమ్‌లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. ఒకసారి నా ప్లేలిస్ట్‌లో రెండు ట్రాక్‌లు బూడిదరంగుకు మారాయి, మూడవదైతే పేరు కూడా మిగలకుండా పోయింది. అక్కడ ఏముండేదో గుర్తు తెచ్చుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. అప్పటి నుంచి కళాకారుడు, ఆల్బమ్, సంవత్సరం, ముద్రణ, ఎంచుకున్న ట్రాక్, చివరిసారి పూర్తిగా విన్న తేదీ అనే ఆరు గడులతో ఒక స్ప్రెడ్‌షీట్ ఉంచుకుంటున్నాను. చివరి గడిలోని తేదీ రెండేళ్లు దాటిన ఆల్బమ్ ఏదైనా కనిపిస్తే, తరువాతి జాబితా రాసేలోగా దాన్ని మళ్లీ వినవలసి ఉందని అర్థం.